మన కొట్టంలోని పశువు – మన చదువు

మన కాలేజీలో చదువుకుంటున్న వాళ్లలో చాలామందిమి సేద్యగాళ్ల బిడ్డలమే. సెలవులకు ఇంటికి పోతే పుస్తకాల సంచి గూట్లో పెట్టి, కొట్టంలో పేడ తీసి, ఎద్దులకు చొప్ప వేసి, సాయంత్రం ఎనుములను నీళ్లకు తోలుకొని పోయేవాళ్లమే. అయినా ల్యాబ్‌లో మనం నేర్చుకునే రసాయనశాస్త్రానికీ, జంతుశాస్త్రానికీ, ఇంటి దగ్గర గాటికి కట్టేసిన పశువుకూ ఏమైనా సంబంధం ఉందని మనలో ఎంతమందిమి ఆలోచించినాము? నేను ఆలోచించలేదు. ఆలోచించనందుకు మా ఇంట్లో ఒక ఎద్దు చచ్చిపోయింది. ఆ సంగతి చెప్పి, దాని నుండి నేను నేర్చుకున్న నాలుగు మాటలు మీ ముందు పెట్టాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

మాది కుందూ ఏటి పక్కన, కర్నూలు, కడప జిల్లాల పొలిమేరలో ఒక చిన్న పల్లె. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది. నాలుగెకరాల నల్లరేగడి, ఒక జత ఎద్దులు, రెండు ఎనుములు, పన్నెండు గొర్రెలు - ఇదీ మా ఆస్తి. 2023 ఆగస్టులో వాన పూర్తిగా ముఖం చాటేసింది. 1901 నుండి ఉన్న లెక్కల్లో దేశం మొత్తం మీద అంత ఎండిన ఆగస్టు ఇంకొకటి లేదు. మేత కోసమని వేసిన జొన్న మోకాలెత్తు రాకముందే వాడిపోతే, ఉన్నంతవరకు కోసి పశువులకు వేసినాము. తరువాత ఒక చిన్న జల్లు పడింది. కోసిన మోళ్లకు పచ్చగా, నిగనిగలాడుతూ పిలకలు వచ్చినాయి.

దసరా సెలవులకు నేను ఇంటికి వచ్చినాను. అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. నాయన శనగ విత్తనాలకు డబ్బు సర్దుకొని రావాలని టౌనుకు పోయినాడు. మైలోడు అని మా ఎద్దు ఒకటి ఉండేది. ఎండు చొప్ప మోళ్లు నమిలి నమిలి డొక్కలు లోపలికి పోయి, నన్ను చూడగానే తల ఊపి పలుపు గుంజింది. నాకు పాపం అనిపించింది. పచ్చి మేత చూసి ఎన్నాళ్లయిందో, ఒక గంట మేయనీలే అని పలుపు విప్పి ఆ జొన్న చేన్లోకి తోలినాను.

గంట కూడా కాలేదు. ఎద్దు ఎగరొగరుస్తూ, నోట్లో నురగ కక్కుతూ, తాగినవాని మాదిరి తూలుతూ గట్టు మీదికి వచ్చి కూలిపోయింది. నేను అరిచిన అరుపుకు అవ్వ పరుగెత్తుకొని వచ్చింది. దాన్ని చూస్తూనే తల కొట్టుకొని, "నాము తిన్యాదిరా అబ్బీ! జొన్న మోళ్ల మీదికి ఎవరు తోలమన్యారు నిన్ను?" అనింది. పశువుల డాక్టరుకు ఫోను చేసి, ఆయన బండి తీసి బయలుదేరేలోపలే ప్రాణం పోయింది. రెండో ఎద్దు రెండు రోజులు గడ్డి ముట్టలేదు. ఒంటెద్దుతో సేద్యం సాగదు కాబట్టి నెల తిరక్కుండానే దాన్నీ అమ్ముకోవలసి వచ్చింది. ఆ సంవత్సరం శనగ బాడుగ ట్రాక్టరుతో వేసినాము. నాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనింటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

అవ్వకు "నాము" అనే మాట తెలుసు, కారణం తెలియదు. నేను చదువుకున్నవాణ్ణి, నాకు ఆ మాటే తెలియదు. ఈ రెండు తెలివిళ్లూ ఒక చోట కలవకపోవడం వల్లనే మైలోడు చచ్చిపోయింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది కూడా ఇంతే. పశువు మీద ప్రేమకు మన పల్లెల్లో లోటు లేదు. ప్రేమతో చేసే పనే దానికి చేటు కాకుండా ఉండాలంటే, ఎందుకు, ఎప్పుడు, ఎంత అనే తెలివిడి కూడా ఉండాలి.

నాము అంటే ఏమిటి?

లేత జొన్న ఆకుల్లో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. ఇది గ్లైకోసైడ్ జాతిది. ఆకు నలిగినప్పుడు, అందులోని ఎంజైములు దీన్ని విడగొట్టి హైడ్రోజన్ సయనైడ్‌ను వెలువరిస్తాయి. నెమరువేసే పశువు మొదటి పొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి గదా, అవి ఈ పనిని ఇంకా తొందరగా చేసి పెడతాయి. కాబట్టి గుర్రం కంటే ఆవు, ఎద్దు, గొర్రె దీనికి తొందరగా లోబడతాయి. సయనైడ్ జీవకణాల్లోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును పట్టి ఆపేస్తుంది. రక్తంలో ప్రాణవాయువు నిండుగా ఉన్నా కణాలు దాన్ని వాడుకోలేవు. అందుకే నాము తిన్న పశువు చిగుళ్లు, కనురెప్పల లోపలి భాగం ఎర్రగా మెరుస్తూ ఉంటాయి. నిండు కుండ పక్కనే దాహంతో చచ్చిపోవడం లాంటిది.

ఒక చిన్న లెక్క వేద్దాం. పశువు బరువులో కిలోకు సుమారు 2 మిల్లీగ్రాముల సయనైడ్ ప్రాణం తీయగలదు. ఎద్దు బరువు 300 కిలోలనుకుంటే 600 మిల్లీగ్రాములు. కిలో పచ్చి మేతలో 200 మిల్లీగ్రాములుంటే ప్రమాదమని చెబుతారు. అంటే మూడు కిలోల పిలకలు, ఒక చంకెడు మేత చాలు. ఆకలిమీదున్న ఎద్దు దాన్ని ఎంతసేపట్లో తింటుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఏ జొన్నలో విషం ఎక్కువ? మోకాలెత్తు లోపలి లేత పైరులో, బెట్టకు వాడి గిడసబారిన పైరులో, కోసిన మోళ్లకు వచ్చిన పిలకల్లో, యూరియా ఎక్కువ వేసిన పైరులో. పైరు పెరిగి పూత పట్టేకొద్దీ తగ్గుతుంది. కోసి ఎండబెడితే సయనైడ్ చాలావరకు గాలిలో కలిసిపోతుంది. అందుకే ఏడాది పొడవునా మన పశువులు తినే ఎండు చొప్పతో భయం లేదు. కాబట్టి గుర్తుంచుకోవలసినవి మూడే: పూతకు రాని జొన్నను పచ్చిగా మేపకూడదు. బెట్టకు వాడిన పైరును కోసి బాగా ఎండనిచ్చిన తరువాతనే వేయాలి. కరువు సంవత్సరంలో జొన్న మోళ్ల చేన్లోకి పశువును, అందునా ఆకలిగా ఉన్న పశువును, విడవకూడదు.

విరుగుడు లేదా అంటే ఉంది. డాక్టర్లు సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ రక్తనాళంలోకి ఎక్కిస్తారు. మొదటిది రక్తంలో కొంత హిమోగ్లోబిన్‌ను మెట్‌హిమోగ్లోబిన్‌గా మారుస్తుంది. అది సయనైడ్‌ను తన దగ్గరికి లాక్కుంటుంది. రెండోది సయనైడ్‌ను అపాయం లేని థయోసయనేట్‌గా మారుస్తుంది. అది మూత్రంలో వెళ్లిపోతుంది. సోడియం థయోసల్ఫేట్ అంటే ఏమిటో సైన్సు విద్యార్థులకు తెలుసు. అయొడిన్ టైట్రేషన్‌లో బ్యూరెట్‌లో పోసే హైపోనే. బి.యస్సీ. మొదటి సంవత్సరం ల్యాబ్‌లో ఆ సీసా చేతిలో పట్టుకొని, దాని గురించి చదువుతున్నప్పుడు, ఈ సంగతి నా కంట పడింది. ఆ పూట నాకు రీడింగు ఒక్కటీ సరిగ్గా రాలేదు.

తరువాత మా లెక్చరర్ గారి అనుమతితో, ఆయన ముందరే, ఒక పరీక్ష చేసినాము. పిక్రిక్ ఆమ్లం, సోడియం కార్బనేట్ కలిపిన ద్రావణంలో ముంచి ఆరబెట్టిన వడపోత కాగితం ముక్క పసుపుపచ్చగా ఉంటుంది. నలిపిన ఆకులను పరీక్షనాళికలో వేసి, రెండు చుక్కలు క్లోరోఫారం వేసి, ఆకులకు తగలకుండా ఆ కాగితాన్ని పైన వేలాడదీసి బిరడా బిగించాలి. సయనైడ్ వెలువడితే కాగితం ఇటుక రంగుకు తిరుగుతుంది. మా చేని పిలకలకు కొద్దిసేపట్లోనే తిరిగింది. మా వామిలోని ఎండు చొప్పకు మాత్రం పసుపుపచ్చగానే ఉండిపోయింది. ఎండిన పిక్రిక్ ఆమ్లం పేలే స్వభావం గలది కాబట్టి, లెక్చరర్ లేకుండా ఎవరూ ఈ పని చేయవద్దని మనవి.

పండుగనాటి అన్నం

నాము ఒక్కటే కాదు. ప్రేమతో చేసి పశువును పోగొట్టుకునే పనులు ఇంకా ఉన్నాయి. ఏరువాక పున్నమికి ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి పూజ చేస్తాము. కనుమ నాడు కూడా అంతే. ఆ రోజు మనం తినేది అవి కూడా తినాలని గంపెడు అన్నం, పొంగలి పెడతారు. పెండ్లిలో మిగిలిన అన్నమూ కొట్టానికే వస్తుంది. ఎద్దు పొట్ట గడ్డి పులియడానికి ఏర్పడింది. ఒక్కసారిగా పిండిపదార్థం ఎక్కువగా పడితే అది వేగంగా పులిసి లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది. మామూలుగా 6, 7 మధ్య ఉండే పి.హెచ్. 5 కంటే కిందికి పడిపోతుంది. ఒంట్లోని నీరంతా పొట్టలోకి లాగబడి పశువు నీరసించి పడిపోతుంది. పూజ చేయవద్దని నేను చెప్పడం లేదు. పిడికెడు ప్రసాదం చాలు, తక్కినది మంచి మేత వేయండి. పొరపాటున ఎక్కువ తినేసిందని తెలిస్తే పొట్ట ఉబ్బేదాకా ఆగకుండా వెంటనే డాక్టరును పిలవాలి.

దూడకు మొదటి పాలు

ఎనుము ఈనినప్పుడు మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి పోనివ్వకూడదని మా ఊర్లో ఒక పట్టింపు. దూడకు చలువ చేస్తుందని కొందరు, తల్లికి మంచిది కాదని కొందరు అంటారు. ఈలోపల జున్నుపాలు పిండి ఇరుగుపొరుగుకు పంచేస్తారు. జంతుశాస్త్రం మాట వేరు. మనిషి బిడ్డకు తల్లి రక్తంలోని రక్షక పదార్థాలు కడుపులో ఉన్నప్పుడే కొంతవరకు అందుతాయి. ఆవు, ఎనుము దూడలకు మాయ గుండా అవి అందవు. మొదటి పాలలోనే అందాలి. దూడ పేగు వాటిని యథాతథంగా పీల్చుకునే శక్తి గంటగంటకూ తగ్గిపోయి, ఒక రోజు గడిచేసరికి దాదాపు ఉండదు. కనుక పుట్టిన గంట, రెండు గంటల్లోపలే మొదటి విడత తాపాలి. మొదటి రోజున దూడ బరువులో పదో వంతు, అంటే 30 కిలోల దూడకు 3 లీటర్లు, రెండు మూడు విడతలుగా పోవాలి. మిగిలినదే జున్ను. బొడ్డుకు టింక్చర్ అయొడిన్ అద్దడం కూడా ఆ గంటలోనే చేయవలసిన పని.

గొట్టంతో పోసే మందు

పశువు మేత మానేస్తే నూనె, కషాయం, కల్లు ఏదో ఒకటి వెదురు గొట్టంతో పోస్తారు. ఇద్దరు పట్టుకొని మూతి ఆకాశానికి ఎత్తి, నాలుక పక్కకు లాగి గబగబా పోస్తే, కొంత గాలిగొట్టం గుండా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అసలు జబ్బు కంటే ఈ మందువల్ల వచ్చిన న్యుమోనియాతోనే పశువు పోతుంది. తల మామూలు ఎత్తులోనే ఉంచాలి, నాలుక లాగకూడదు, కొంచెం కొంచెం పోస్తూ మింగనివ్వాలి, దగ్గితే వదిలేయాలి. లేవలేని పశువుకు నోట్లో ఏదీ పోయకూడదు. ఇక జబ్బుకు కాల్చిన ఇనుముతో వాతలు పెట్టే అలవాటు ఇంకా అక్కడక్కడ ఉంది. దానివల్ల ఉన్న నొప్పికి ఇంకొక నొప్పి, ఈగలు ముసిరే పుండు తప్ప ఏ లాభమూ లేదు.

నీళ్లు, నీడ, కొట్టం

మన ప్రాంతంలో సాలుకు 600 నుండి 700 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. ఎండాకాలంలో 40 డిగ్రీల సెల్సియస్ దాటడం కడప, కర్నూలు వాళ్లకు కొత్త కాదు. పెద్ద పశువుకు రోజుకు 40, 50 లీటర్ల నీళ్లు కావాలి. ఎండాకాలంలోనూ, పాలిచ్చేటప్పుడూ ఇంకా ఎక్కువ. ఎండు చొప్ప తినే పశువుకు మేతలో నీరు రాదు కాబట్టి తొట్టిలోనే రావాలి. ఆవుపాలలో సుమారు 87 పాళ్లు నీరే. నీళ్లు తగ్గిస్తే పాలు తగ్గడంలో ఆశ్చర్యం లేదు. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి తాపి సరిపెట్టుకోకుండా, కొట్టంలోనే నీడ పట్టున ఒక తొట్టి నింపి పెడితే పశువు తనకు కావలసినప్పుడు తాగుతుంది. ఎనుముకు నల్లటి తోలు, చెమట గ్రంథులు చాలా తక్కువ. దానికి బురదగుంట సోమరితనం కాదు, ప్రాణావసరం. గుంట లేనిచోట మధ్యాహ్నం రెండు సార్లు ఒళ్లు తడపాలి.

కొట్టం పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ లోపలికి తక్కువగా పడుతుంది. చలికీ దొంగలకూ భయపడి నాలుగు వైపులా మూసేస్తే మూత్రం నుండి వచ్చే అమోనియా లోపలే నిలిచి ఊపిరితిత్తులను పాడు చేస్తుంది. దీనికి పరికరం ఏమీ అక్కరలేదు. తెల్లవారి కొట్టంలోకి పోగానే మన కళ్లు మండితే పశువు రాత్రంతా మండిందని అర్థం. మన దగ్గర కడప బండలు చవకగా దొరుకుతాయి కాబట్టి కొట్టంలో పరుస్తున్నారు. కడగడానికి బాగుంటాయి గానీ తడిస్తే కాలు జారుతుంది. ఉలితో గాట్లు పెట్టించి, ఈనే పశువు కింద మాత్రం ఎండుగడ్డి పరచాలి.

ఎండు చొప్పకు బలం

కరువులో మేత తక్కువ, ఉన్న మేతలో సత్తువ తక్కువ. వరిగడ్డి, జొన్న చొప్పలను యూరియాతో మాగబెట్టడం మనం చేయదగిన పని. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీళ్లలో బాగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి తొక్కి, గాలి చొరబడకుండా కప్పి మూడు వారాలు ఉంచాలి. యూరియా విడిపోయి అమోనియా అవుతుంది. అది గడ్డిలోని గట్టి పీచు బంధాలను సడలిస్తుంది. 3, 4 శాతం ఉండే మాంసకృత్తులు 7, 8 శాతానికి వస్తాయి. తీసిన గడ్డిని కొంతసేపు ఆరనిచ్చి, మొదట్లో కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా నీళ్ల బకెట్ కొట్టంలో మరచిపోతే మాత్రం అది తాగిన పశువు బతకడం కష్టం. ఇక్కడ కూడా తెలివిడి సగమే ఉంటే అపాయమే.

ఎముకలు, గుడ్డపేలికలు నమిలే పశువును చూసి దానికి పిచ్చి పట్టిందని నవ్వుతాము. చాలాసార్లు అది భాస్వరం తక్కువై వచ్చే పైకా అనే లక్షణం. రోజుకు 30 నుండి 50 గ్రాముల ఖనిజలవణ మిశ్రమం దాణాలో కలిపితే కుదురుతుంది. ఎదకు రాని పశువులు కొన్ని దీనితోనే సరిపడతాయి.

సూది మందుకు ఒక వేళ ఉంది

"బాగున్న పశువుకు సూది ఎందుకు? పాలు తగ్గుతాయి" అని మా వీధిలోనే వాదించేవాళ్లు ఉన్నారు. ఒకటి రెండు రోజులు పాలు తగ్గవచ్చు. రోగం వస్తే పాలతోపాటు పశువే పోతుంది. టీకా ఒంట్లో పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి రోగానికి ముందే వేయించాలి.

వానలకు ముందు, మే-జూన్‌లలో: పెద్ద పశువులకు గొంతువాపు, జబ్బవాపు టీకాలు, గొర్రెలకు చిటుక రోగం టీకా. తొలకరి లేత కసువును ఆబగా మేసిన బలమైన గొర్రెపిల్లలే చిటుక రోగంతో ఉన్నట్టుండి ఎగిరి పడి చస్తాయి. దిష్టి తగిలిందంటారు. పేగులో పెరిగిన క్లాస్ట్రీడియం అనే సూక్ష్మజీవి వదిలిన విషం అది.

ఆరు నెలలకు ఒకసారి: గాలికుంటు టీకా. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ కార్యక్రమం కింద దీన్ని ఉచితంగా వేస్తున్నారు.

గొర్రెలు, మేకలకు: పి.పి.ఆర్. టీకా ఒకసారి వేస్తే మూడేండ్లు కాపాడుతుంది. బొబ్బ రోగం టీకా ఏటా. వానల తరువాత ముసిరే సన్నటి కుట్టే ఈగలు నీలినాలుక రోగాన్ని తెస్తాయి. దానికీ టీకా ఉంది. మందను మాపటేళ నీళ్లు నిలిచే చోట ఆపకుండా మెరక మీద పడుకోబెట్టడం మంచిది.

నాలుగు నుండి ఎనిమిది నెలల ఆడ దూడలకు: బ్రుసెల్లా టీకా, జీవితంలో ఒక్కసారి. వానలకు ముందు, తరువాత నట్టల మందు తాపడం ఎవరూ మరువకూడదు.

దొమ్మ రోగం గురించి ఒక హెచ్చరిక. ఉన్నట్టుండి చచ్చి, ముక్కు నుండి, మలద్వారం నుండి గడ్డకట్టని నల్లటి రక్తం కారే పశువును కోయకూడదు, తోలు తీయకూడదు, పాలు పంచుకోకూడదు. అది మనుషులకూ వచ్చే రోగం. గాలి తగిలితే ఆ సూక్ష్మజీవి గట్టి విత్తనంలా మారి మట్టిలో ఎన్నో ఏండ్లు బతికి ఉంటుంది. డాక్టరుకు చెప్పి, లోతైన గుంట తీసి, సున్నం వేసి పూడ్చాలి.

టీకాల మీద నమ్మకం లేనివాళ్లకు ముసర రోగం సంగతి చెప్పండి. మన తాతల కాలంలో ఊర్లకు ఊర్ల పశువులను తుడిచిపెట్టిన ఆ మహమ్మారి మీద మన దేశం 1954లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2011లో ప్రపంచంలోనే ఆ రోగం లేదని ప్రకటించినారు. మశూచి తరువాత మనిషి ఈ భూమి మీద లేకుండా చేసిన రోగం అదొక్కటే. పని చేసింది సూదే.

పని, నొప్పి

పశువుకు ఏమి కావాలో చెప్పిన విజ్ఞానం ఒకటుంది. బ్రిటన్‌లో 1965లో ప్రొఫెసర్ బ్రాంబెల్ అధ్యక్షతన ఒక సంఘం దీని మీద నివేదిక ఇచ్చింది. తరువాత 1979లో అక్కడి పశు సంక్షేమ మండలి ఐదు స్వేచ్ఛలుగా దాన్ని కుదించింది. ఆకలి దప్పుల నుండి, అసౌకర్యం నుండి, నొప్పి, గాయం, రోగాల నుండి, భయం, దిగులుల నుండి విముక్తి; తన సహజ ప్రవర్తనతో మెలిగే అవకాశం. ఇవి పెద్ద పెద్ద ఫారాల కోసం రాసినవే అయినా మన రెండెద్దుల కొట్టానికీ పనికివస్తాయి.

మన దేశంలో జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. దాని కింద 1965లో చేసిన నియమాల ప్రకారం బండికి కట్టే పశువు చేత రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు. 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుండి మూడు దాకా అసలు కట్టకూడదు. మన ఎండాకాలం మొత్తం ఈ లెక్కలోకే వస్తుంది. కాడి కింద మెడ కాసిందేమో రోజూ తడిమి చూడాలి. పుండు మానేదాకా కాడి వేయకూడదు. కోడెలకు విత్తులు కొట్టించేటప్పుడు రాళ్లతో నలిపే మోటు పద్ధతి మానుకొని, చిన్న వయసులోనే డాక్టరు చేత బర్డిజో సాధనంతో, తిమ్మిరి సూది వేయించి చేయించాలి.

మనం చేయగలిగింది

2022 నుండి మన రాష్ట్రంలో 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వచ్చే ఏర్పాటు ఉంది. అయినా నాములాంటి వాటికి నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఎంత మంచి డాక్టరైనా అంత తొందరగా రాలేడు. ఇంట్లో ఉన్నవాళ్లకు తెలిసి ఉండడమే అసలు మందు.

కాబట్టి మిత్రులందరికీ నా మనవి ఒకటే. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మూడు పనులు చేయండి. ఒకటి, కొట్టం గోడ మీద సుద్దతోనో బొగ్గుతోనో టీకాల నెలలు, నట్టల మందు తేదీ రాయండి. రెండు, జొన్న మోళ్లలో పిలకలు వచ్చి ఉంటే పక్క చేనువాళ్లకు కూడా చెప్పండి. మూడు, మీ అవ్వ దగ్గర, తాత దగ్గర ఒక గంట కూర్చొని పశువుల రోగాల పేర్లు అడగండి. ప్రతి పేరు వెనుకా ఎవరో ఒకరు పోగొట్టుకున్న పశువు ఉంటుంది. వాటిలో కొన్ని నమ్మకాలు తప్పు కావచ్చు, కొన్ని మన పుస్తకాల కంటే ముందే తెలుసుకున్న నిజాలు కావచ్చు. ఏది ఏదో తేల్చడానికే గదా మనం సైన్సు చదువుతున్నది.

ఇటుక రంగుకు తిరిగిన ఆ కాగితం ముక్కను పోయిన సెలవుల్లో ఇంటికి తీసుకొనిపోయి అవ్వకు చూపించినాను. చాలాసేపు చూసి, "ఇదేనా నాము? కంటికి కనపడుతుందా?" అని అడిగింది. అవునన్నాను. మరుసటి రోజు పొద్దున్నే మా వీధిలో ఆడవాళ్లను నలుగురిని పిలిచి, ఆ కాగితం చేత పట్టుకొని, జొన్న మోళ్ల సంగతి నాకంటే బాగా చెప్పింది. నాయన ఈ సంవత్సరం ఒక కోడెదూడను కొన్నాడు. దాని పలుపు విప్పే ముందు ఎటు తోలాలో నేను ఒకటికి రెండుసార్లు చూసుకుంటున్నాను.